స్ప్రింట్ చివర పని మిగిలిపోతోందా? ముందు గంటల లెక్క చూడండి

సమస్య: ప్రతి స్ప్రింట్‌లోనూ (సాఫ్ట్‌వేర్ టీమ్ పనికి పెట్టుకునే గడువు, ఇక్కడ రెండు వారాలు) రెండు మూడు స్టోరీలు (పనిని విడగొట్టిన చిన్న ముక్కలు) తర్వాతి స్ప్రింట్‌కి వెళ్లిపోతున్నాయి. అలాగని టీమ్‌లో ఎవరూ ఖాళీగా లేరు, రాత్రిళ్లు కూడా కూర్చుంటున్నారు.

కారణం: ఇలాంటప్పుడు మనుషుల్ని అనుమానించడం అన్యాయం. లోపం చాలావరకు లెక్కలోనే ఉంటుంది. ఐదుగురు, పది పనిదినాలు, రోజుకు 8 గంటలు కాబట్టి 400 గంటలని రాసేసుకుంటాం. తీసేయాల్సినవి తీయం. నెల రోజుల స్ప్రింట్‌కి స్క్రమ్ గైడ్ (ఇలా స్ప్రింట్లుగా పనిచేసే స్క్రమ్ పద్ధతిని వివరించే పుస్తకం) ఇచ్చిన గరిష్ఠ సమయం ప్లానింగ్‌కి 8 గంటలు, అయిన పని చూపించే రివ్యూకి 4, పని ఎలా సాగిందో మాట్లాడుకునే రెట్రోకి 3. రెండు వారాలకు అందులో సగం వేసుకుని, రోజూ 15 నిమిషాల స్టాండప్ మీటింగ్ కలిపితే మనిషికి 10 గంటలు, ఐదుగురికి 50. ఒకరికి రెండు రోజుల సెలవంటే 16. ప్రొడక్షన్ సపోర్ట్‌కి (ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూడటానికి) రోజూ సగం సమయం ఇచ్చే మనిషివి 40. కోడ్ రివ్యూలు, మెయిళ్లు, పక్కవాళ్ల సందేహాలకు మనిషికి రోజుకో గంట వేసినా, ఆ రెండు సెలవు రోజులు పోను 48. ఇవన్నీ పోగా చేతిలో ఉండేది 246 గంటలే.

పరిష్కారం: ప్లానింగ్‌కి ముందురోజే ఎవరి గంటలు వాళ్లే రాయాలి. లీడ్ అందరి తరఫునా ఊహించి రాస్తే మళ్లీ 400కే వస్తుంది. తర్వాత గత మూడు స్ప్రింట్ల వెలాసిటీతో (ఒక్కో స్ప్రింట్‌లో టీమ్ నిజంగా పూర్తి చేసిన పనితో) సరిచూడండి. గంటల ప్రకారం ఇంకా తీసుకోవచ్చనిపించినా, వెలాసిటీ వద్దంటే వెలాసిటీనే నమ్మండి.

సమస్య: గంటలు సరిపోయాయి, అయినా చివరి రెండు రోజులూ టెన్షనే.

కారణం: ఎనిమిదో రోజు బోర్డు (ఏ స్టోరీ ఏ దశలో ఉందో కార్డులతో చూపేది) చూడండి. డెవలప్‌మెంట్ కాలమ్ దాదాపు ఖాళీ. టెస్టింగ్‌లో ఆరు కార్డులు, టెస్టర్ ఒక్కరే. మొత్తం గంటలు ఉన్నాయి కానీ, కావాల్సిన చోట లేవు.

పరిష్కారం: టెస్టర్ గంటలు విడిగా లెక్కేసి, అందులో పట్టినన్ని స్టోరీలే తీసుకోండి. టెస్టింగ్‌లో మూడు కార్డులు చేరితే, చేతి పని అయిన డెవలపర్ కొత్త స్టోరీ మొదలుపెట్టకుండా ఇంకొకరు రాసినదాన్ని టెస్ట్ చేయాలి. మొదట్లో ఇది ఎవరికీ నచ్చదు. అయినా పట్టుబట్టండి, ఎందుకంటే సగంలో ఉన్న ఆరు స్టోరీల కంటే పూర్తయిన నాలుగు ఎంతో మేలు.

సమస్య: స్ప్రింట్ మధ్యలో కొత్త పని వచ్చి పడుతోంది.

పరిష్కారం: ఒకటి లోపలికి వస్తే అంతే సైజుది ఒకటి బయటికి వెళ్లాలి. ఏది వెళ్లాలో ప్రొడక్ట్ ఓనర్‌తో (ఏ పని ముందో నిర్ణయించే వ్యక్తితో) కూర్చుని తేల్చుకోండి. "ఒప్పుకున్నారు కదా, రెండూ చేయండి" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒక సంగతి చెప్పండి: ఎంచుకున్న పనుల విషయంలో స్క్రమ్ గైడ్ 2011లోనే 'కమిట్‌మెంట్' అనే మాట తీసేసి 'ఫోర్‌కాస్ట్' అని పెట్టింది. అది అంచనా, హామీ కాదు.