కొత్త కాయిల్‌లోనూ మాడు రుచి: నా అనుభవం

సిగరెట్ మానేసి వేప్ (ఈ-సిగరెట్) పట్టాక నన్ను విసిగించింది ఒక్కటే: కొత్త కాయిల్ (లిక్విడ్‌ని వేడి చేసి ఆవిరి చేసే, దూది ఉన్న తీగచుట్ట) వేసిన రెండో రోజుకే కాలిన దూది రుచి. ఫ్లేవర్ మార్చాను, బ్యాటరీ మార్చాను, ట్యాంక్ కడిగాను, లాభం లేదు.

చివరికి, కాయిల్ బిగించే ముందే లోపలి దూది మీద, పక్క రంధ్రాల్లో నాలుగైదు చుక్కల లిక్విడ్ వేశాను. ట్యాంక్ నింపి, బటన్ నొక్కకుండా 10 నిమిషాలు వదిలేశాను (అసలు కష్టం ఇదే, సిగరెట్ అలవాటు ఊరుకోదుగా!). తర్వాత కాయిల్ మీద రాసున్న వాట్లలో అతి తక్కువతో మొదలుపెట్టి, దమ్ముకీ దమ్ముకీ మధ్య అర నిమిషం ఆగాను. మాడు పోయింది.

అయితే అదే రోజు 70 శాతం వీజీ (చిక్కగా ఉండే వెజిటబుల్ గ్లిజరిన్) ఉన్న చిక్కటి లిక్విడ్ మానేసి, వీజీ, పల్చటి పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్) సగం సగం ఉన్న 50-50 పోశాను, కాబట్టి ఏది పనిచేసిందో కచ్చితంగా చెప్పలేను. నాది సన్న రంధ్రాల చిన్న కాయిల్. పెద్దవాటికి చిక్కటిదే నప్పుతుంది. ఇప్పటికే మాడిపోయిన దూదికి మాత్రం ఇవేవీ పనిచేయవు, కాయిల్ మార్చాల్సిందే.