విశాఖ మెయిన్ లైన్‌పై గూడ్సు ఆవిరి ఇంజనును నడపడం ఎలా?

భద్రపరచిన బరువైన గూడ్సు ఇంజనును మళ్లీ మెయిన్ లైన్ ఎక్కించాలనుకునేవారు సాధారణంగా బాయిలరు మరమ్మతుతో మొదలుపెడతారు. అది అవసరమే. అయితే 1950 నుంచి 1970 వరకు మన రైల్వేలకు 2,450 వచ్చిన డబ్ల్యూజీ (బ్రాడ్‌గేజ్ గూడ్సు ఆవిరి ఇంజను రకం) వంటి ఇంజన్లు ఏ ఏర్పాట్ల మీద ఆధారపడి తిరిగాయో ఆ నీటి స్తంభాలు, బూడిద గుంటలు, బొగ్గు గట్లు, బొగ్గు కాల్చడంలో చేయి తిరిగిన ఫైర్‌మన్లు ఇప్పుడు లైన్ పొడవునా లేరు. కాబట్టి ఇంజను కంటే ముందు దారిని సిద్ధం చేసుకోవాలి.

విశాఖ నుంచి ఆవిరి బండి అనగానే అందరికీ అరకు గుర్తొస్తుంది. ఆ కోరికను ఆదిలోనే వదులుకోవడం మంచిది. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో 60కి 1 ఎగువ వాలు, 58 సొరంగాలు ఉన్నాయి. నిండు రెగ్యులేటరుతో (సిలిండర్లకు ఆవిరి వదిలే మీట పూర్తిగా తెరిచి) మెల్లగా ఎక్కే ఇంజను పొగ సొరంగంలో క్యాబ్‌లోకే తిరిగివచ్చి సిబ్బందికి ఊపిరాడనివ్వదు. పైగా ఎండాకాలంలో కనుమల్లోని ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి బదులు పెందుర్తి, కొత్తవలస, అలమండల మీదుగా విజయనగరానికి వెళ్లే 61 కిలోమీటర్ల దారిని ఎంచుకోవాలి.

పట్టాల విషయంలో అనుకున్నంత భయం అక్కర్లేదు. డబ్ల్యూజీ ఇరుసు బరువు సుమారు 18.5 టన్నులు, నేటి గూడ్సు వ్యాగన్లు 22.9 టన్నుల ఇరుసు బరువుతో తిరుగుతున్నాయి. అసలు చిక్కు చక్రాలలోని సమతూక బరువుల వల్ల పట్టాల మీద, వంతెనల మీద పడే సుత్తి దెబ్బ. వేగం రెట్టింపైతే ఆ దెబ్బ నాలుగు రెట్లవుతుంది. డబ్ల్యూజీ చోదక చక్రం వ్యాసం 1,562 మిల్లీమీటర్లే కనుక గంటకు 60 కిలోమీటర్ల వద్దే చక్రం నిమిషానికి 200 సార్లకు పైగా తిరుగుతుంది. వంతెనల ఇంజనీర్లకు ఇరుసు బరువుతో పాటు ఈ లెక్క కూడా ఇచ్చి, వేగ పరిమితిని రాతపూర్వకంగా తీసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త తీగల దగ్గర. ఈ దారంతా తలపైన 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్ టెండరు (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) మీదికెక్కి బొగ్గును ముందుకు తోయడం, నీటి గొట్టాన్ని లాగి మూతలో పెట్టడం మామూలు పని. తీగ కింద అదే పని ప్రాణాంతకం. బొగ్గు ఎక్కించడమైనా, నీళ్లు పట్టడమైనా తీగ లేని సైడింగులో చేయాలి. అది దొరకకపోతే పవర్ బ్లాక్ (తీగలో కరెంటు ఆపే అనుమతి) తీసుకుని, తీగను ఎర్త్ చేసి, ఆ కాగితం చేతికొచ్చాకే ఎవరినైనా పైకి ఎక్కనివ్వాలి. నిప్పు కెలికే పొడవాటి సీకు, గొట్టం వంటివేవీ క్యాబ్ పైకప్పు దాటి లేవకూడదు. తీగ కిందో ఇన్సులేటర్ల కిందో ఇంజనును ఎక్కువసేపు నిలిపి సేఫ్టీ వాల్వులు ఊదనివ్వకూడదు. సముద్రపు ఉప్పుగాలికి ముందే పూత పట్టిన ఇన్సులేటరుకు మసి, తడి తోడైతే మెరుపు దూకే ప్రమాదం పెరుగుతుంది.

టెండరులో పట్టేది సుమారు 5,000 గ్యాలన్ల నీరు. ఒకవైపు ప్రయాణానికి అది చాలుతుంది కానీ, హౌరా–చెన్నై మార్గంలో వేరే బండ్లకు దారివ్వడానికి లూపులో (స్టేషన్‌లోని పక్క లైనులో) పడేసిన బండి నిలబడి కూడా నీళ్లు, బొగ్గు తింటూనే ఉంటుంది. అందుకే విజయనగరంలో ట్యాంకరు సిద్ధంగా ఉండాలి. తీరంలోని ఉప్పు తగిలే బోరు నీటిని ఎంతమాత్రం వాడకూడదు. కరిగిన లవణాలు పెరిగితే బాయిలరులో నురుగు లేచి నీరు సిలిండర్లలోకి పోతుంది, సిలిండరు మూతలు పగులుతాయి. విశాఖ స్టేషన్‌లో దారి ఆగిపోతుంది కనుక ఇంజను తిప్పుకోవడమూ ఆలోచించాలి: దువ్వాడ వైపు వెళ్లి, విశాఖ స్టేషన్‌ను తప్పించే బైపాస్ మీదుగా ఉత్తర సింహాచలానికి వెనక్కి నడిచి, అక్కడి నుంచి విశాఖకు వస్తే చిమ్నీ దిక్కు మారుతుంది.

చల్లారిన పెద్ద బాయిలరును ముందురోజే వెలిగించాలి. తొందరపడి మంట పెంచితే ట్యూబులు, స్టేలు (బాయిలరు ప్లేట్లను కలిపి పట్టే కడ్డీలు) సమంగా వ్యాకోచించక కారుతాయి. వెలిగించే ముందు లెడ్ ప్లగ్గులు (నీరు తగ్గితే కరిగి హెచ్చరించే బిరడాలు) పరీక్షించాలి, ఆవిరి పుట్టాక నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులు రెండూ ఊది చూడాలి. కదిలే ముందు బాయిలరులోకి నీళ్లు తోసే రెండు ఇంజెక్టర్లూ పట్టుకుంటున్నాయని నిర్ధారించుకోవాలి. ఒకటి పనిచేస్తే చాలులే అనుకునే డ్రైవరుతో బయల్దేరకూడదు.

బ్రేకుల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, డబ్ల్యూజీది వ్యాక్యూమ్ పద్ధతి, నేటి పెట్టెలవి ఎయిర్ బ్రేకులు. కంప్రెసర్ అమర్చుకోవాలి, లేదా వెనుక ఒక డీజిల్ తగిలించుకోవాలి. అభిమానులకు డీజిల్ కంటగింపే కానీ, ఇంత రద్దీ దారిలో మొరాయించిన ఇంజనును వెంటనే లాగేసే దిక్కుండటం నాకు మాత్రం మేలనిపిస్తుంది.

బయల్దేరేటప్పుడు సిలిండర్లలోని నీటిని వదిలే సిలిండరు కాక్‌లు తెరిచి, దిక్కును, ఆవిరి పాళ్లను మార్చే రివర్సరును పూర్తిగా ముందుకు పెట్టి, చక్రం జారకుండా రెగ్యులేటరును కొద్దికొద్దిగా తెరవాలి. వేగం అందుకున్నాక కటాఫ్ (పిస్టన్ ఒక్కో కదలికలో ఆవిరి లోపలికి వచ్చే భాగం) తగ్గిస్తూ రావాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, క్లింకరు (కరిగి గడ్డకట్టిన బూడిద) త్వరగా కడుతుంది. కనుక పెనం మీద దోసెపిండిలా బొగ్గును పలచగా, తరచుగా, మూలలు ఖాళీ కాకుండా పరచాలి. రెగ్యులేటరు మూసే ముందు చిమ్నీలోకి ఆవిరి ఊది మంటను పైకి లాగే బ్లోయరు తెరవడం మరిస్తే మంట క్యాబ్‌లోకి ఎదురు తన్నుతుంది.

తిరిగొచ్చాక బాయిలరు నింపి, నిప్పును గుంటలోకి దించి, స్మోక్‌బాక్సు (చిమ్నీ కింది పొగ గది) బూడిద ఎత్తి, గాలి వచ్చే డాంపర్లు మూసి, దానంతటదే చల్లారనివ్వాలి. వేడిగా ఉన్న బాయిలరులోకి చన్నీళ్లు కొట్టి వాషవుట్ (లోపలి మడ్డి కడగడం) చేయకూడదు. అలా చేస్తే ప్లేట్లు కుంచించుకుని స్టేలు విరుగుతాయి, తర్వాతి ప్రయాణం నెలల తరబడి వెనక్కి పోతుంది.