చెట్టు వాలిందా, కారుతోందా, ఎండుతోందా? కత్తి పెట్టించే ముందు మొదలు చూడండి

అక్టోబరు దగ్గరపడుతుంటే శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో చాలామంది ఇంటి మీదకొచ్చిన మామిడికో వేపకో పైకొమ్మలన్నీ నరికించి గుండు కొట్టించేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని, 2018 అక్టోబరు 11న తిత్లీని చూసినవాళ్ళకి ఆ భయం ఉండటం న్యాయమే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి మరి. కానీ గుండు కొట్టిన చెట్టు ఆ ఏడాదికి పొట్టిదవుతుంది తప్ప గట్టిపడదు, నాలుగేళ్ళు తిరిగేసరికి ఇంకా ప్రమాదమవుతుంది. జబ్బేమిటో తేలాకే మనిషిని పిలవాలి.

చెట్టు వాలింది

ఎప్పటినుంచి వాలి ఉందో ముందు గుర్తుచేసుకోండి. ఏళ్ళ తరబడి వాలి, చివర మళ్ళీ నిటారుగా తిరిగి ఉంటే చెట్టు తనంతట తనే సర్దుకుందన్నమాట. మొదట్లో నేల గట్టిగా ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. గాలివాన తర్వాత కొత్తగా వాలి, వాలినవైపుకి ఎదురుగా మట్టి ఉబ్బినా, నేల నెర్రెలు విచ్చినా వేళ్ళు తెగాయని అర్థం. పెద్ద చెట్టయితే తాళ్ళు కట్టి నిలబెట్టాలని చూడకండి, తీయించేయండి. అప్పటిదాకా పిల్లల్నీ పశువుల్నీ దాని కిందికి పోనివ్వకండి. రెండు మూడేళ్ళ మొక్కయితే నేల తడి ఆరకముందే నిలబెట్టి, వేళ్ళకి మట్టి కప్పి, కర్రలు పాతి, గోనెపట్టాతో వదులుగా కట్టండి. ఏడాదికి ఆ కట్టు విప్పేయాలి, లేదంటే కాండంలోకి దిగబడుతుంది.

గుండు కొట్టిన చోట గుబురుగా కొమ్మలు లేచాయి

చెట్టుకి తిండి వండేది ఆకే. అది ఒక్కసారిగా పోయేసరికి దాచుకున్న బలమంతా పెట్టి గబగబా చిగుళ్ళు వేస్తుంది. ఆ కొమ్మలు పై పొరకి మాత్రమే అతుక్కుని ఉంటాయి, లోపల కోత కుళ్ళుతూ ఉంటుంది. బరువెక్కాక పెద్ద గాలికి ఊడిపడేవి అవే. మళ్ళీ గుండు కొట్టించకండి. ఒక్కో మోడు మీద గట్టివి ఒకటి రెండు ఉంచి, మిగతావి రెండు మూడేళ్ళలో కొంచెం కొంచెంగా తీయించండి.

ఏ కొమ్మ తీసినా కోత ఎక్కడ పడిందన్నదే అసలు సంగతి. కొమ్మ కాండాన్ని కలిసేచోట బెరడు ఉంగరంలా ఉబ్బి, ముడతలు పడి ఉంటుంది. వేలితో తడిమినా తెలుస్తుంది. గాయాన్ని మూసేది ఆ ఉబ్బే. దాన్ని చెక్కేస్తే గాయం సరిగ్గా మానదు, జానెడు మోడు వదిలేసినా మానదు. కోత సరిగ్గా దాని బయటి అంచున పడాలి. బరువు కొమ్మని ఒక్క కోతలో తీస్తే, తెగేలోపే జారి కాండం బెరడుని చీల్చుకుపోతుంది. అందుకే అడుగు దూరంలో కింద నుంచి మూడోవంతు కోసి, ఇంకాస్త అవతల పైనుంచి కోసి బరువు దింపేశాక, చివరి కోత ఉంగరం దగ్గర వేయాలి.

కోతకి తారు, పెయింటు పూస్తే కుళ్ళు ఆగదు. మామిడి, జీడికి మాత్రం బూజు తెగుళ్ళని అడ్డుకునే బోర్డో పేస్టు పూస్తారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళు. ఇనుప పాత్రలో మాత్రం కలపకూడదు.

కొబ్బరి మొవ్వు వడలింది, మానుకి కన్నాలు పడ్డాయి

విచ్చుకున్న ఆకులు కత్తెరతో కోసినట్టు 'వి' ఆకారంలో ఉంటే కొమ్ము పురుగు. దాన్ని మొవ్వులోంచి ఇనుప కొక్కెంతో లాగేయాలి. అది పెరిగేది పెంటకుప్పలో కాబట్టి కుప్పని చెట్టుకి దూరంగా పెట్టాలి.

కన్నాల్లోంచి ఎర్రటి గోధుమరంగు జిగురు కారుతూ, నమిలిన పీచు బయటికొస్తుంటే ఎర్ర ముక్కు పురుగు. ఇది ఎక్కువ ప్రమాదం. బాగా ముదిరితే మానుకి చెవి ఆనించినప్పుడు లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఇది గాయం ఉన్నచోటే గుడ్లు పెడుతుంది. ఎక్కడానికి మానుకి మెట్లు కొట్టడం, పచ్చి మట్టల్ని మొదలంటా నరకడం దీన్ని పిలిచి పీట వేయడమే. మామిడికి మోడు ఉంచకూడదన్నాం కదా, కొబ్బరికి తద్విరుద్ధం. పచ్చి మట్ట తప్పనిసరిగా తీయాల్సివస్తే దాదాపు 120 సెంటీమీటర్ల తొడిమ వదలాలి. ఆలస్యం చేయకుండా ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో దగ్గరున్నదానికి ఫొటోలు తీసుకెళ్ళి అడగండి.

పైకొమ్మలు ఎండుతున్నాయి, ఆకు చిన్నదైంది

చాలాసార్లు రోగం పైన ఉండదు. మొదలు చుట్టూ సిమెంటు చేశారా? మెరక చేయడానికి మట్టి పోశారా? కాలువకో గోడకో తవ్వి వేళ్ళు నరికారా? వేళ్ళకి గాలి ఆడాలి. కాండం చుట్టూ నాలుగడుగుల మేర సిమెంటు పగలగొట్టి, పోసిన మట్టి తీసేయండి. మొదట్లో పుట్టగొడుగులు లేస్తుంటే లోపల కుళ్ళు ఉన్నట్టే. అప్పుడు తెలిసినవాళ్ళకి చూపించకుండా ఎవర్నీ ఎక్కనివ్వకండి.

ఎవర్ని పిలవాలి?

ఈ విద్య నేర్చి పరీక్ష ప్యాసైనవాళ్ళని ఆర్బరిస్టులంటారు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ ఆ ధ్రువపత్రం ఇస్తుంది. అలాంటివాళ్ళు దొరక్కపోతే, పని తెలిసినవాణ్ణి గుర్తుపట్టడం మన చేతిలోనే ఉంది. వస్తూనే పైకి కాకుండా మొదలు చుట్టూ తిరిగి చూస్తాడా? ఏ కొమ్మ ఎందుకు తీస్తున్నాడో చెబుతాడా? నడుముకి బెల్టు, తాడు, తలకి హెల్మెట్ ఉన్నాయా? బతికే చెట్టుని మేకుల బూట్లతో ఎక్కుతానంటే వద్దనండి. కొబ్బరికైతే కొబ్బరి అభివృద్ధి మండలి శిక్షణలో యంత్రంతో ఎక్కడం నేర్చుకున్నవాళ్ళని అడగండి.

'డబ్బులొద్దు, కలప నేను పట్టుకుపోతా' అనేవాడికి అస్సలు ఒప్పుకోకండి. కూలి కలపే అయితే ఎంత ఎక్కువ నరికితే అతనికి అంత లాభం. పని విడిగా మాట్లాడి, ఏ కొమ్మలన్నది సుద్దతో గుర్తు పెట్టి, కలప లెక్క వేరే చూసుకోండి. చెట్టునే తీసేయాల్సివస్తే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలేమో మీ గ్రామ, వార్డు సచివాలయంలో ముందే కనుక్కోండి.

కొమ్మ కరెంటు తీగకి ఆనుకుని ఉంటే మాత్రం ఎంత నేర్పరినైనా ఎక్కించొద్దు. కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేసి, లైను ఆపారని వాళ్ళ నోట విన్నాకే పని మొదలుపెట్టించండి. పచ్చికొమ్మలోంచీ తడి తాడులోంచీ కూడా కరెంటు పారుతుంది.