పక్క తడిపే పిల్లలకి ముందు పగటిపూట సంగతి చూడండి

మా వాడికి ఏడేళ్లప్పుడు ఒకరోజు వాషింగ్ మెషీన్ వెనక ఏదో వాసన వస్తోందని చెయ్యి పెట్టి లాగితే మూడు నిక్కర్లు బయటికొచ్చాయి, తడివి తడిగానే ఉండచుట్టి దాచేశాడు. ఆ ముందు వారమే "ఇంత పెద్దాడివయ్యావు, ఇంకా పక్కలో పోస్తావా" అని కేకలేశాను. వాటిని చూశాక కడుపు తరుక్కుపోయింది. అందుకే మొదట చెప్పేది ఇదే, నిద్రలో పోసుకునేది కావాలని కాదు, బద్ధకంతో కాదు. తిడితే తగ్గదు, దాచడం నేర్చుకుంటారు.

ఐదేళ్లు నిండకపోతే కంగారు పడకండి. ఐదేళ్ల పిల్లల్లో వందకి సుమారు 15 మంది పక్క తడుపుతారు, ఆ తర్వాత ఏటా వాళ్లలో 15 శాతం మందికి దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే హార్మోన్ సరిపడా రాదు, కొందరికి మూత్రసంచి తక్కువ పడుతుంది, పైగా సంచి నిండినా మెలకువ రాదు. వంశంలో కూడా వస్తుంది. తాయెత్తు కట్టిద్దామన్న మా అత్తగారే ఆఖరికి "మీ ఆయన కూడా మూడో తరగతి దాకా తడిపేవాడమ్మా" అన్నారు. ఆ మాట వాడి ముందే అనిపించాను, వాడి మొహం చూడాలి!

ఇక పగటి సంగతి. మా వాడు స్కూల్లో బాత్రూమ్ కంపని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటేలుకి వెళ్లేవాడు కాదు, అందుకని నీళ్లూ తాగేవాడు కాదు, ఇంటికొచ్చాక సీసాలు సీసాలు ఖాళీ చేసేవాడు. మన వైజాగ్ ఉక్కపోతలో నీళ్లు మాన్పించడం తప్పు, వేళ మార్చాలంతే: ఎక్కువ భాగం సాయంత్రంలోపే తాగించండి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి, టీ, కూల్‌డ్రింకులు వద్దు. రెండు మూడు గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి, దానికి టీచర్‌తో విడిగా, పిల్లాడు లేనప్పుడు మాట్లాడండి. పడుకోబోయే ముందు మరోసారి.

మలబద్ధకం ఉందేమో తప్పక అడగండి, ఎందుకంటే గట్టిపడిన మలం పేగులో నిండిపోయి మూత్రసంచిని నొక్కుతుంది. రోజూ వెళ్తున్నా పూర్తిగా అవ్వకపోవచ్చు. ఇది సరిచేస్తేనే కొందరికి పక్క తడపడం ఆగిపోతుంది.

రెండు సెలవు రోజులు కొలతల మగ్గులో పోయించి ఎంతొచ్చిందో రాయండి. వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే మూత్రసంచి పట్టాల్సిన మిల్లీలీటర్లు తెలుస్తాయి, ఏడేళ్లకి 240. ఆ నోట్‌బుక్ డాక్టర్‌కి మన మాటలకన్నా ఎక్కువ చెప్తుంది, మా వైజాగ్ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల ఓపీకి వెళ్లినా సరే, ప్రైవేటుకి వెళ్లినా సరే.

కొన్నిటికి మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. పగలు కూడా నిక్కరు తడుస్తున్నా, మంట, రక్తం, జ్వరం ఉన్నా, ధార సన్నగా వస్తున్నా, గురక పెడుతున్నా, నడుము కింద గుంట గానీ వెంట్రుకల కుచ్చు గానీ ఉన్నా చూపించండి. ఆరు నెలలు పొడిగా ఉండి మళ్లీ మొదలైతే చూపించాలి. దాంతో పాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అలారం. నిక్కరుకి సెన్సార్ పెడతారు, తడి తగలగానే మోగుతుంది. మొదట్లో ఇల్లంతా లేస్తుంది గానీ పిల్లాడు లేవడు, మీరే లేపి బాత్రూమ్ దాకా నడిపించాలి. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, వరసగా 14 రాత్రులు పొడిగా ఉండేదాకా తియ్యకూడదు. నిద్రమత్తులో ఎత్తుకెళ్లి పోయించడం వల్ల పరుపు మిగులుతుందే తప్ప అలవాటు రాదు.

ఊరెళ్లే రోజులకి డెస్మోప్రెసిన్ అనే, రాత్రి మూత్రాన్ని తగ్గించే మాత్ర డాక్టర్ రాస్తారు. వేసే గంట ముందు నుంచి, వేశాక ఎనిమిది గంటలు గడిచేదాకా నీళ్లు దాదాపు ఇవ్వకూడదు, లేకపోతే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

వానాకాలంలో మన దగ్గర పరుపు ఓ పట్టాన ఆరదు కదా, రబ్బరు షీటు, దుప్పటి, మళ్లీ రబ్బరు షీటు, దుప్పటి ఇలా రెండు వరసలు వెయ్యండి, రాత్రి పై వరస లాగేస్తే చాలు. ఆ లాగడంలో పిల్లాణ్ని చెయ్యి వెయ్యమనండి, శిక్షగా కాదు, తోడుగా. అలారం తీసేశాక మళ్లీ తడిపితే బెంబేలెత్తకుండా అదే అలారం మళ్లీ పెట్టండి, రెండోసారి కూడా చాలామందికి పనిచేస్తుంది.