ప్లేఆఫ్స్ అంచనా రాయడం: నాలుగో పాఠం – ఆ రోజు బంతి ఎవరి చేతిలో?

కార్డులు, పాచికలతోనో కంప్యూటర్ మీదో ఆడే బేస్‌బాల్ లీగ్‌లో, సీజన్ ముగిశాక మేటి జట్ల మధ్య జరిగే ప్లేఆఫ్స్‌కు అంచనా రాయడం నేర్చుకుంటున్నాం. ఈ పాఠం మొత్తం పిచర్ల (బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్ల) వరుసకే కేటాయించాలనుకున్నాను. మీరు పంపిన జవాబులు చూశాక, పోయిన పాఠానికి మరమ్మతు చేయకుండా ముందుకు పోకూడదనిపించింది.

లెక్క ఇది. సీజన్‌లో 60 శాతం ఆటలు గెలిచిన జట్టు, 55 శాతం గెలిచిన జట్టుతో తలపడుతోంది. ఒక్క ఆటలో మొదటి జట్టు గెలిచే అవకాశం ఎంత? చాలామంది 60 అని రాశారు. ఆ 60 శాతం లీగ్‌లో అందరి మీదా ఆడి సంపాదించినది, అందులో అట్టడుగు జట్ల మీద గెలుపులూ ఉన్నాయి. ప్లేఆఫ్స్‌లో ఎదురయ్యేది తానూ సగానికి మించి గెలిచి వచ్చిన జట్టు. కాబట్టి రెండు గుణకారాలు చేయాలి. మొదటి జట్టు గెలుపును రెండోదాని ఓటమితో గుణిస్తే 0.60 × 0.45 = 0.27. మొదటి జట్టు ఓటమిని రెండోదాని గెలుపుతో గుణిస్తే 0.40 × 0.55 = 0.22. రెండూ కలిపితే 0.49. 0.27ను 0.49తో భాగిస్తే 0.551. బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ లాగ్5 అని పేరుపెట్టిన పద్ధతి ఇదే.

కొందరు 60లోంచి 55 తీసి, మిగిలిన 5ను 50కి కలిపి 55 అని రాశారు. వారికి నేను మార్కులు తగ్గించను. తొందరలో ఉన్నప్పుడు నేనూ అలాగే చేస్తాను. రెండు జట్లూ 40, 60 శాతాల మధ్య ఉన్నంతవరకు ఈ అడ్డదారి ఒకటిన్నర శాతం కూడా తప్పదు. బాగా బలమైన జట్టు వచ్చినప్పుడు మాత్రం పూర్తి లెక్క చేయండి.

రెండో తప్పు ఇంకా పెద్దది. 55 వచ్చింది కనుక సిరీస్ మొదటి జట్టుదేనని తీర్పు రాసేశారు. ఏడు ఆటల సిరీస్‌లో (ముందు నాలుగు గెలిచినవారిదే సిరీస్) 4–0తో గెలిచే అవకాశం 0.092, 4–1తో 0.165, 4–2తో 0.185, 4–3తో 0.167. కూడితే దాదాపు 61 శాతం. అయిదు ఆటల సిరీస్ అయితే 59, మూడు ఆటలదైతే 57. అంటే ఏడు ఆటలు ఆడించినా, పది సిరీస్‌లలో నాలుగు బలహీనమైన జట్టే ఎత్తుకుపోతుంది. 2001లో సియాటిల్ మారినర్స్ 162 ఆటల్లో 116 గెలిచింది. న్యూయార్క్ యాంకీస్ 95 గెలిచి, 65 ఓడింది. పై లెక్క ప్రకారం ఒక్క ఆటలో సియాటిల్‌కు 63 శాతం, ఏడు ఆటల సిరీస్‌లో 77 శాతం. ప్లేఆఫ్స్‌లో ఈ రెండూ తలపడిన సిరీస్‌ను యాంకీస్ 4–1తో గెలిచింది. ఇందులో వింతేమీ లేదు, నాలుగింట ఒకసారి జరిగేదే జరిగింది. మీ అంచనాలో ‘గెలుస్తుంది’ అన్న మాట పక్కన శాతం రాయడం ఇక నుంచి తప్పనిసరి.

సొంత మైదానం సంగతి క్లుప్తంగా ముగిస్తాను. అసలు మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్‌లో) ఆతిథ్య జట్టు 54 శాతం దాకా గెలుస్తుంది. మీ ఆటలో ఆ సర్దుబాటు ఉంటే వేయండి, లేకపోతే వదిలేయండి.

ఇక అసలు పాఠం. అంచనా వ్యాసాలు ఎన్ని చదివినా ‘ఈ జట్టు పిచింగ్ సగటు లీగ్‌లో మూడోది’ అన్న వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతుంది. అది చూడగానే నాకు చదవాలన్న ఆసక్తి పోతుంది. ఆ సగటులో అయిదో స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) ఉన్నాడు. ఏప్రిల్‌లో నాలుగు ఆటలు ఆడి గాయపడిన కుర్రవాడున్నాడు. ఓడిపోతున్న ఆటలో చివరి ఓవర్లు వేసే బౌలర్ లాంటివాడు, పది పరుగులు వెనకబడినప్పుడు వచ్చిన రిలీవర్ (స్టార్టర్ తర్వాత బంతి పట్టే పిచర్) కూడా ఉన్నాడు. ప్లేఆఫ్స్‌లో వీళ్లెవరూ బంతి పట్టరు. మధ్యలో విశ్రాంతి రోజులుంటాయి కాబట్టి నలుగురు స్టార్టర్లు చాలు, ఒక్కోసారి ముగ్గురే చాలు. ఆడనివాళ్లను కలిపిన సగటుతో ఆడేవాళ్లను ఎలా తూస్తారు?

కార్డులు, పాచికలతో ఆడేవారికి ఇది మరీ ముఖ్యం. 1961లో హాల్ రిచ్‌మన్ మొదలుపెట్టిన స్ట్రాట్-ఓ-మాటిక్ అనే బేస్‌బాల్ బోర్డు ఆటలో మూడు పాచికలు వేస్తారు. తెల్ల పాచికలో 1, 2, 3 పడితే ఫలితం బ్యాటర్ కార్డులో చూస్తారు. 4, 5, 6 పడితే పిచర్ కార్డులో చూస్తారు. అంటే పిచర్ మారితే ఆ ఆటలో సగం మారిపోయినట్టే.

ఇప్పుడు 2001 వరల్డ్ సిరీస్‌ను, అంటే మేజర్ లీగ్ ఫైనల్‌ను, దగ్గరగా చూద్దాం. ఈ విషయం బోధించడానికి నాకు ఇంతకన్నా మంచి సిరీస్ దొరకలేదు. యాంకీస్‌కు ఎదురుగా అరిజోనా డైమండ్‌బ్యాక్స్. సీజన్‌లో 92 గెలుపులు, యాంకీస్ కన్నా తక్కువే. ఆ 92లో 43 ఇద్దరు పిచర్ల ఖాతాలోవి: కర్ట్ షిల్లింగ్ 22, రాండీ జాన్సన్ 21. అయినా 162 ఆటల్లో ఈ ఇద్దరూ మొదలుపెట్టినవి 69, అంటే 43 శాతం. వరల్డ్ సిరీస్‌లో ఏడింట అయిదు. అంటే 71 శాతం. సీజన్ పట్టికలో కనిపించిన అరిజోనా వేరు, అక్టోబర్‌లో మైదానంలోకి దిగిన అరిజోనా వేరు.

తేదీలతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి. అక్టోబర్ 27న షిల్లింగ్, 28న జాన్సన్. 30న బ్రయన్ ఆండర్సన్. 31న మళ్లీ షిల్లింగ్, మధ్యలో మూడే రోజుల విశ్రాంతి. నవంబర్ 1న మిగెల్ బతీస్తా. 3న జాన్సన్. 4న, ఏడో ఆటలో, మూడోసారి షిల్లింగ్. ఆట చివర్లో బుల్‌పెన్ (రిలీవర్ల బృందం) నుంచి వచ్చింది ఎవరు? ముందు రోజే ఆరో ఆట మొదలుపెట్టి గెలిపించిన జాన్సన్. అరిజోనా ఆ ఆటను 3–2తో గెలిచి సిరీస్ దక్కించుకుంది.

ఇదే సిరీస్‌ను మీ లీగ్‌లో ఆడిస్తే ఏమవుతుంది? ముందు నిబంధనల పుస్తకం తీయండి. స్టార్టర్‌కు నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి అని అందులో ఉంటే, అక్టోబర్ 31న షిల్లింగ్ దొరకడు. అతను నవంబర్ 1న, అయిదో ఆటలో వస్తాడు. జాన్సన్ రెండు, ఆరు ఆటల్లోనే ఉంటాడు. ఏడో ఆట నాటికి షిల్లింగ్‌కు రెండు రోజులే గడుస్తాయి, జాన్సన్‌కు ఒక్క రోజు కూడా ఉండదు. బంతి ఆండర్సన్ చేతికో, బతీస్తా చేతికో వెళుతుంది. ఇద్దరు మేటి పిచర్ల ఆటలు అయిదు నుంచి నాలుగుకు పడిపోయాయి. అంతకన్నా ముఖ్యంగా, చివరి ఆట చేజారింది. ఆటగాళ్లలో ఒక్కరూ మారలేదు. మారింది నిబంధనల పుస్తకంలో ఒక్క వాక్యం. ఆ వాక్యం చదవకుండా అంచనా రాసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే మిగిలిన శ్రమంతా దాని మీదే నిలబడి ఉంది.

రిలీవర్లకూ ఇదే వర్తిస్తుంది. నాలుగో ఆటలో అరిజోనా రిలీవర్ బ్యుంగ్-హ్యున్ కిమ్ ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి పదో ఇన్నింగ్స్ దాకా వేశాడు (బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, స్కోరు సమమైతే పొడిగిస్తారు). తొమ్మిదిలో యాంకీస్ బ్యాటర్ టీనో మార్టినెజ్ హోమ్ రన్‌తో (బంతిని మైదానం దాటించిన దెబ్బతో) స్కోరు సమమైంది, పదిలో డెరెక్ జీటర్ హోమ్ రన్‌తో ఆట పోయింది. మర్నాడు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అతనికే బంతి ఇచ్చారు. స్కాట్ బ్రోషియస్ హోమ్ రన్‌తో మళ్లీ సమం, మళ్లీ ఓటమి. మీ ఆటలో రిలీవర్ అలసటకు లెక్క ఉందా? ఉంటే వరుసగా రెండో రోజు అతని కార్డు ఎంత దిగజారుతుంది? ఇది తెలియకుండా ‘బుల్‌పెన్ గట్టిది’ అని రాయకండి.

పిచర్ల వరుస తేలాక ఒక్కో ఆటకూ ఒక్కో శాతం కట్టాలి. పరుగుల వర్గాల సూత్రం రెండో పాఠంలో చెప్పాను, ఒక్క ముక్కలో: చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. జట్టు ఆటకు 4.8 పరుగులు చేస్తుందనుకోండి. మేటి స్టార్టర్ ఆడిన రోజుల్లో మొత్తం 3.2 ఇస్తే 23.04ను 33.28తో భాగించాలి, 0.69 వస్తుంది. నాలుగో స్టార్టర్ రోజుల్లో 5.0 ఇస్తే 0.48. ఒకే జట్టు, రెండు రోజులు, ఇంత తేడా. ఎదుటి జట్టుకూ ఇలాగే కట్టి, ఆ రెండు అంకెలను లాగ్5లో వేయండి. ఇక్కడ ఈఆర్ఏ (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసేసి కట్టే పిచర్ సగటు) వాడకండి, ఇచ్చిన పరుగులన్నీ లెక్కలోకి తీసుకోండి. ఫీల్డర్ తప్పు వల్ల వచ్చిన పరుగు కూడా స్కోరు బోర్డు మీదికే వెళుతుంది. శాతం కట్టేటప్పుడు పిచర్ గెలుపోటముల అంకెలనైతే నేను అసలు చూడను.

‘గత పది ఆటల్లో ఎనిమిది గెలిచి ఊపు మీద ఉంది’ అన్న వాక్యం గురించి కూడా అడిగారు. పాచికలకు జ్ఞాపకం ఉండదు. కొన్ని కంప్యూటర్ ఆటల్లో ఆటగాడి మనోబలానికి లెక్క ఉంటుంది, మీదీ అలాంటిదైతే ఆ అంకె చూసి రాయండి. లేకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువ సమయం కేటాయించండి. అదే సిరీస్‌లో యాంకీస్ స్టార్టర్లు వరుసగా మైక్ ముసీనా, ఆండీ పెటిట్, రోజర్ క్లెమెన్స్, ఓర్లాండో హెర్నాండెజ్, మళ్లీ ముసీనా, పెటిట్, క్లెమెన్స్. చదరాల కాగితం మీద పెన్సిల్‌తో ఏడు వరుసలు గీయండి. ఎడమవైపు అరిజోనా, కుడివైపు యాంకీస్, ఒక్కో పేరు పక్కన విశ్రాంతి రోజులు. మూడు రోజుల నిబంధనతో ఒక కాగితం, నాలుగు రోజుల నిబంధనతో మరో కాగితం. ఒక్కో ఆటకు శాతం కట్టి, ఒక్కో నిబంధన కింద సిరీస్‌ను పాచికలతో ఇరవైసార్లు ఆడించి, అరిజోనా ఎన్నిసార్లు గెలిచిందో రాయండి. రెండు కాగితాలూ, నలభై ఫలితాలూ పంపండి. ముగింపు శాతం ఒక్కటే పంపినవారి జవాబు నేను దిద్దను.