మార్చి రాకముందే: చిన్న ట్రాకుల మీద స్టాక్ కారు నడిపేవాళ్లకు జాగ్రత్తలు

అమెరికాలోని ఉత్తర కరోలినా, వర్జీనియాల చిన్న ట్రాకుల మీద స్టాక్ కారు (మామూలు కారు ఆకారంలో కట్టిన పందెం కారు) పందేలు మార్చిలో ఊపందుకుంటాయి. షార్లెట్‌లో ఉండే మన తెలుగువాళ్లకు హికరీ ట్రాకు గంట ప్రయాణం. అక్కడ ఒక చుట్టు 0.363 మైలే కదా, ఫ్లోరిడాలోని పెద్ద ట్రాకు డేటోనాలాగా రెండున్నర మైళ్లు కాదు కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఉక్కు గొట్టాల వెనక ఫోమ్ దిమ్మలు పెట్టి దెబ్బను మింగేలా కట్టే సేఫర్ గోడను 2002లో తొలిసారి ఇండియానాపోలిస్‌లో బిగించారు. పెద్ద ట్రాకులకు అది వచ్చింది గానీ, చిన్న ట్రాకుల్లో చాలాచోట్ల ఇప్పటికీ ఉత్త కాంక్రీటే. 2015లో డేటోనాలోనే సేఫర్ లేని చోట లోపలి కాంక్రీటు గోడకు గుద్దుకుని రేసర్ కైల్ బుష్ కుడి కాలు, ఎడమ పాదం విరిగాయి. గోడ మింగని దెబ్బను సీటు, బెల్టు, తలను పట్టి ఉంచే మెడ పరికరం కలిసి మింగాలి.

కాబట్టి ఈ తనిఖీలు ఫిబ్రవరిలో, కారు గ్యారేజీలో ఉండగానే చెయ్యండి. డ్రైవరు సూటు, హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ అన్నీ వేసుకుని సీట్లో కూర్చోవాలి. ఒక్కో వస్తువును బల్ల మీద పెట్టి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. తేడా మనిషి కూర్చున్నాకే బయటపడుతుంది.

సీటు, బెల్టులు, మెడ

2000 మే నుంచి 2001 అక్టోబరు మధ్య ఆడమ్ పెట్టీ, కెన్నీ ఇర్విన్, టోనీ రోపర్, డేల్ ఎర్న్‌హార్ట్, బ్లేజ్ అలెగ్జాండర్ అనే స్టాక్ కారు రేసర్లు ట్రాకు ప్రమాదాల్లో వరసగా చనిపోయారు. కారు ఒక్కసారిగా ఆగిపోతే బెల్టు ఒంటిని పట్టుకుంటుంది, తల మాత్రం ముందుకు పోతుంది. ఆ లాగుడికి పుర్రె అడుగు భాగం విరుగుతుంది. అలెగ్జాండర్ మరణం తరవాత అదే అక్టోబరులో స్టాక్ కారు పందేలు నడిపే అమెరికా సంస్థ నాస్కార్, భుజాల మీద కూర్చుని పట్టీలతో హెల్మెట్‌ను పట్టి ఉంచే తల, మెడ పరికరాన్ని తప్పనిసరి చేసింది. వాటిలో హాన్స్ అనేదాన్ని రూపొందించినవాళ్లు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరది వరసైన రేసర్ జిమ్ డౌనింగ్.

పరికరం కొంటే సరిపోదు. భుజం బెల్టులు దాని రెక్కల మీద నడిమధ్యన కూర్చోవాలి. రెక్క అంచు నుంచి బెల్టు జారితే పరికరం ఉన్నా లేనట్టే. బెల్టు వెడల్పు రెండంగుళాలా, మూడంగుళాలా అన్నది మీ పరికరానికి సరిపోవాలి. హెల్మెట్‌కున్న కొక్కేలు వేళ్లతో గట్టిగా లాగి చూడండి, వదులుంటే మార్చండి. ఎస్‌ఎఫ్‌ఐ (పందెం సామగ్రికి భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) ముద్ర ఉన్న పరికరాన్ని ఐదేళ్లకోసారి తయారీదారుకు పంపి తిరిగి ముద్ర వేయించాలి.

బెల్టుల గడువు రెండేళ్లు. ఈ లెక్క కొన్న రోజు నుంచి కాదు, చీటీ మీదున్న తయారీ తేదీ నుంచి. తగ్గింపు ధరకు దొరికే బెల్టుకు సగం గడువు అప్పటికే అయిపోయి ఉండొచ్చు. ఎండ తగిలిన నేత పైకి కొత్తగా కనిపిస్తూనే బలం కోల్పోతుంది, అందుకే కారు బయట ఉంటే కిటికీల మీద గుడ్డ కప్పండి. డ్రైవరు చెయ్యి, తల బయటికి పోకుండా కిటికీకి కట్టే వలకు కూడా ఇదే రెండేళ్ల లెక్క.

భుజం బెల్టు వెనక బిగించే చోటు భుజం ఎత్తులో గానీ, దానికంటే కాస్త కిందగా గానీ ఉండాలి. భుజం నుంచి వెనక్కి గీసిన అడ్డగీతకు 20 డిగ్రీలకు మించి కిందికి దిగకూడదు. మరీ కింద బిగిస్తే ఢీకొన్నప్పుడు బెల్టు భుజాలను కిందికి నొక్కి వెన్నెముకను నలిపేస్తుంది. నడుము బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, పొట్ట మీదికి రాకూడదు. ముందు దాన్ని బిగించి, ఆ తరవాతే భుజం బెల్టులు లాగాలి. వరస తప్పితే భుజం బెల్టు నడుము బెల్టును పైకి లాక్కుపోతుంది.

చాలామంది చూడకుండా వదిలేసేది బెల్టును కారుకు బిగించే బ్రాకెట్ కోణం. బెల్టు లాగే దిక్కుకు బ్రాకెట్ తిరిగి ఉండాలి. అడ్డంగా ఉంటే దెబ్బ పడిన క్షణంలో నేతంతా రంధ్రంలో ఒక మూలకు కుప్పపడి, బరువంతా కొద్ది పోగుల మీదే పడి చిరుగుతుంది. ఎర్న్‌హార్ట్ కారులో తెగినది ఎడమవైపు నడుము బెల్టే.

సీటును రోల్ కేజ్ (డ్రైవరు చుట్టూ కట్టిన ఉక్కు పంజరం) గొట్టాలకు బిగించండి, నేల రేకుకు కాదు. ఢీకొంటే రేకు చిరుగుతుంది, సీటు ఒక దారిన, బెల్టులు ఒక దారిన పోతాయి. బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి చీలిక కనిపించినా ఆ అల్యూమినియం సీటు పనికిరాదు. వంగిన సీటును సుత్తితో సరిచెయ్యకండి. ఎడమకే తిరిగే ట్రాకు కాబట్టి గోడ తగిలేది ఎక్కువగా కుడివైపు. హెల్మెట్‌కూ కుడి తలదిమ్మకూ మధ్య రెండు వేళ్లకు మించి ఖాళీ ఉండకూడదు.

ఇరుక్కునే థ్రాటిల్

ఆడమ్ పెట్టీ, ఇర్విన్ ఇద్దరూ న్యూ హాంప్‌షైర్ ట్రాకు మీద, ఒకే మలుపులో, రెండు నెలల తేడాతో పోయారు. ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ తెరుచుకుని ఇరుక్కుపోయిందన్నదే బలమైన అనుమానం. ఇంజన్ ఆపే మీటను స్టీరింగ్ మీదే పెట్టాలన్న నియమం ఆ తరవాత వచ్చింది.

ఇంజన్ ఆపి, ఒకరు పెడల్ దగ్గర, ఇంకొకరు బానెట్ తీసి కార్బ్యురేటర్ దగ్గర నిలబడండి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు పాదం బలం నేల మీది అడ్డు మీద పడి ఆగాలి. ఆ అడ్డు లేకపోతే బలమంతా పెడల్‌ను థ్రాటిల్‌కు కలిపే కడ్డీల మీద పడి, అవి హద్దు దాటి వంగి వెనక్కి రాకుండా ఉండిపోతాయి. వెనక్కి లాగే స్ప్రింగులు రెండుండాలి, రెండూ వేర్వేరు చోట్ల తగిలించాలి. ఒకటి తీసేసి చూడండి, మిగిలిన ఒక్కటే థ్రాటిల్‌ను పూర్తిగా మూయాలి. ఎయిర్ క్లీనర్ పళ్లెం కడ్డీకి రాసుకుంటోందేమో వేలు పెట్టి చూడండి. ఎడమవైపు ఇంజన్ మౌంటు విరిగితే, పెడల్ తొక్కగానే ఇంజన్ ఆ పక్క పైకి లేచి కడ్డీని తనే లాగేస్తుంది. పెడల్‌కు బొటనవేలి పట్టీ ఉంటే పాదంతోనే వెనక్కి లాగొచ్చు.

తరవాత ఇంజన్ నడుస్తుండగా ప్రధాన స్విచ్ ఆపండి. వైరింగ్ తప్పుగా ఉంటే బ్యాటరీ తెగినా ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుతో ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఈ తప్పు మామూలే. దీన్ని గ్యారేజీలోనే పట్టుకోవాలి.

మంట

ఎస్‌ఎఫ్‌ఐ 3.2ఏ/5 సూటు రెండో స్థాయి కాలిన గాయానికి ముందు సుమారు 10 సెకన్లు ఇస్తుంది, ఒకే పొర ఉన్న 3.2ఏ/1 సూటు అయితే 3 సెకన్లే. కాబట్టి కారులోంచి బయటపడడం 10 సెకన్లలోపు అయిపోవాలి. కళ్లు మూసుకుని సాధన చెయ్యండి: వల దించడం, స్టీరింగ్ ఊడదీయడం, బెల్టులు విప్పడం, బయటికి దూకడం. పొగలో చెయ్యాల్సింది కూడా ఇలా తడుముకుంటూనే. సూటు కింద పాలిస్టర్ బనియన్ వద్దు, అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. మంటను తట్టుకునే లోదుస్తులు లేకపోతే కనీసం అచ్చమైన నూలు వెయ్యండి. ఎక్కేటప్పుడు స్టీరింగ్ టక్కుమన్నాక ఒకసారి గట్టిగా లాగి చూడండి. మంటలార్పే సీసాకున్న పిన్ను ట్రాకు మీదికి వెళ్లేముందు తీశారో లేదో చూసే బాధ్యత ఒక్క మనిషికే అప్పజెప్పండి.

పొగ, వేడి

నాస్కార్ రేసర్ రిక్ మాస్ట్ కెరీర్ 2002లో ఆగిపోయింది గోడకు తగిలి కాదు, కార్బన్ మోనాక్సైడ్ వల్ల. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మామూలు గాలి పీలిస్తే సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. హెల్మెట్‌కు గాలి పంపే గొట్టంలో బొగ్గు ఫిల్టర్ ఉంది కదా అనుకోకండి. అది దుమ్మును, వాసనను ఆపుతుంది గానీ ఈ వాయువును ఆపలేదు. దానికి ప్రత్యేకంగా ఉత్ప్రేరకం ఉన్న ఫిల్టర్ కావాలి.

రాత్రి గ్యారేజీ దీపాలు ఆర్పి ఇంజన్ గదిలో టార్చి పెట్టి, డ్రైవరు సీట్లోంచి చూడండి. వెలుతురు కనిపించిన ప్రతి సందునూ మూయండి. ఎగ్జాస్ట్ అతుకుల దగ్గర నల్లటి మసి చారలుంటే అక్కడ కారుతున్నట్టే. పందెంలో రేకు నలిగితే ఈ పరీక్ష మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. తలనొప్పి, వికారం, మందకొడితనం కనిపిస్తే వేడి వల్లేనని సరిపెట్టుకోకండి, అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టించుకోండి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ విషాన్ని కూడా ఆక్సిజన్ లెక్కలోనే వేసి 98 శాతం చూపిస్తుంది. ఆ అంకెను నమ్మకండి.

జులై, ఆగస్టుల్లో కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. పందేనికి ముందూ తరవాతా బరువు తూచుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర ద్రవం, కొన్ని గంటల్లో నెమ్మదిగా తాగాలి. ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది, ఉప్పేసిన పలచటి మజ్జిగ మేలు. చల్లని నీళ్లు తిప్పే చొక్కా వాడితే పెట్టెలో ఐసు ముక్కల బదులు దిమ్మ పెట్టండి, ఎక్కువసేపు ఉంటుంది. ఐసు కరిగాక పంపు ఆపేయండి, లేకపోతే వేడి నీళ్లు ఒంటిచుట్టూ తిరుగుతాయి. అంత వేడిలో ఒళ్లు జలదరించినా, మాట తడబడినా అది వడదెబ్బ, వెంటనే కారు పిట్‌లోకి (ట్రాకు పక్కన కార్లు ఆపే చోటికి) తేవాలి.

గుద్దుకున్నాక

మంట, పొగ లేకపోతే సహాయ సిబ్బంది వచ్చేదాకా కారులోనే ఉండండి, వల దించితే మీరు స్పృహలో ఉన్నట్టు వాళ్లకు గుర్తు. 2014 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక మట్టి ట్రాకు మీద కారు దిగి నడిచిన యువ డ్రైవరు వేరే కారు తగిలి చనిపోయాక, నాస్కార్ దీన్ని నియమంగా రాసింది.

తల అదిరితే ఆ రోజుకు పందెం ముగిసినట్టే. తల దెబ్బ వల్ల రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ 2016 సీజన్‌లో సగం ఇంట్లో కూర్చున్నాడు, ఇంకో రేసర్ కర్ట్ బుష్ 2022లో పోకోనో ట్రాకు మీద అర్హత చుట్టులో తగిలిన దెబ్బ తరవాత మళ్లీ పూర్తిగా రాలేదు. సీజన్‌కు ముందే జ్ఞాపకశక్తి, స్పందన వేగం పరీక్ష చేయించి ఫలితం దాచుకుంటే, తరవాత పోల్చడానికి డాక్టరుకు ఆధారం ఉంటుంది. దెబ్బ తిన్న డ్రైవరు ‘బాగానే ఉన్నాను’ అనే అంటాడు. నిర్ణయం ఎవరిదో ఫిబ్రవరిలోనే ఒక మనిషి పేరు రాసి పెట్టుకోండి. ఆ మనిషి వద్దంటే స్టీరింగ్ ఊడదీసి ట్రక్కులో పెట్టి తాళం వెయ్యండి.