ఉగాదికి పిలాటీస్ స్టూడియో తెరుస్తున్నారా? ముందు స్ప్రింగు సంగతి తేల్చుకోండి

అనంతపురంలో ఒక చిన్న స్టూడియోలో గత నెల రిఫార్మర్ అనే పిలాటీస్ వ్యాయామ మిషన్ స్ప్రింగు తెగింది. ఒక కాలు కదిలే బల్ల మీద, మరో కాలు కదలని పలక మీద పెట్టి నిలబడిన మహిళ కింద బల్ల ఒక్కసారిగా జారిపోయింది. ఆమె పక్కకు పడటంతో మణికట్టు విరిగింది. మిషన్ చూడమని నన్ను పిలిచారు. తెగిన ముక్కను కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. తెగిన చోట సగం మేర నల్లగా పాత తుప్పు పట్టి ఉంది, మిగతా సగం తెల్లగా మెరుస్తోంది. కొక్కెం వంపు దగ్గర పగులు ఎప్పుడో మొదలై కొంచెం కొంచెంగా లోపలికి పాకింది. మిగిలిన సగం ఆ రోజు లాగుడు తట్టుకోలేకపోయింది. ఆ నల్లటి సగం చాలాకాలంగా అక్కడే ఉంది, ఎవరూ వంగి చూడలేదు.

"స్ప్రింగులు చివరిసారి ఎప్పుడు మార్చారమ్మా?" అని అడిగాను.

"మార్చాలనే ఉందన్నా, ఎక్కడా దొరకడం లేదు. అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు" అన్నారు నిర్వాహకురాలు.

ఆ జవాబు విన్నాకే ఇది రాయాలనిపించింది. కర్నూలు, కడప, అనంతపురంలో వ్యాయామ పరికరాలు బిగించి, బాగుచేసే పనిలో ఉన్నాను. రిఫార్మర్ కొని నష్టపోయినవారిలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదొక్కటే: స్ప్రింగు మళ్లీ దొరుకుతుందా అని అడగకుండా మిషన్ కొన్నారు. ఉగాదికి కొత్త స్టూడియోలు తెరుస్తున్నారు, డాక్టరు చెప్పారని నడుం నొప్పికి ఇంట్లోనే వేయించుకుంటున్నవారూ ఉన్నారు. ఆ వెనకే ఎండాకాలం. తెలియనివారి దగ్గర శిక్షణ తీసుకోవద్దు, నొప్పి వస్తే ఆపండి వంటివి ఇక్కడ చెప్పను. అవి అందరికీ తెలిసినవే.

స్ప్రింగు దొరుకుతుందా?

జిమ్ములో ఇనుప బిళ్లలకు వయసు రాదు. పదేళ్ల తర్వాత కూడా పది కిలోల బిళ్ల పది కిలోలే తూగుతుంది. రిఫార్మర్‌లో బరువులు ఉండవు, వాటి పని నాలుగైదు స్ప్రింగులే చేస్తాయి. పట్టాల మీద కదిలే బల్లను అవే వెనక్కి లాగుతాయి. 1883లో జర్మనీలో పుట్టి, ఆ తర్వాత న్యూయార్కులో స్టూడియో నడిపిన జోసెఫ్ పిలాటీస్ రూపొందించిన యంత్రం ఇది. ఆయన పోయి అర్ధశతాబ్దం దాటింది. చెక్క ఫ్రేముల పక్కన అల్యూమినియం ఫ్రేములు వచ్చాయి, మెత్తలు మారాయి, స్ప్రింగు పని మాత్రం మారలేదు. సాగిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరుగుతుంది. స్టూడియోలో వాడే స్ప్రింగులను రెండేళ్లకు ఒకసారి మార్చమని పేరున్న తయారీదారులు చెబుతారు. తెగినా తెగకపోయినా మార్చాల్సిందే. అంటే ఫ్రేము మన్నినంత కాలంలో స్ప్రింగులను ఎన్నోసార్లు కొంటారు. ఈ ఖర్చు ముందుగా లెక్కలో వేసుకోనివారికి మొదటి సెట్టు అరిగేసరికి మిషన్ పెద్ద ఇనుప మంచంగా మిగులుతుంది.

రెక్సిన్ రంగు, చెక్క మెరుపు చూసి రిఫార్మర్ కొనడమంటే కొమ్ములకు వేసిన రంగు చూసి, పళ్లు చూడకుండా ఎద్దును కొనడమే.

కాబట్టి డబ్బు కట్టేముందు అమ్మేవారిని అడగాల్సింది ఇది. ఈ మిషన్ స్ప్రింగు నంబరు ఏమిటి? విడిగా అమ్ముతారా? ధర ఎంత? సరుకు మన దేశంలో ఉందా, ఓడ మీద రావాలా? వస్తే ఎన్ని వారాలు? ఈ జవాబులు బిల్లు మీదో, కంపెనీ ఉత్తరం మీదో రాతపూర్వకంగా తీసుకోండి. మాటవరసకు "అన్నీ దొరుకుతాయండీ" అంటే నమ్మకండి. మిషన్‌తో పాటే ఇంకో పూర్తి సెట్టు స్ప్రింగులు, చేతులతో, కాళ్లతో లాగే తాళ్లు ఒక జత కొని పెట్టుకోండి. అమ్మేవారు అందుకు తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే. ఆ మిషన్ వదిలేయండి.

"మన ఊళ్లో లేతు షాపులున్నాయి కదా, చేయించుకుంటాం" అంటారు. మన లేతు పనివారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బోరు మోటారు షాఫ్టు చెడితే వారి దగ్గరికే వెళ్లాలి. కానీ ఈ స్ప్రింగు సంగతి వేరు. తీగ రకం, దాని మందం, చుట్ల సంఖ్య, వేడి చేసి చల్లార్చిన తీరు, వీటిలో ఏ ఒక్కటి మారినా లాగే బలం మారుతుంది. కుడివైపు ఒక బలం, ఎడమవైపు ఒక బలం అయితే బల్ల వంకరగా లాగి చక్రాలు ఒకవైపే అరుగుతాయి. అంతకన్నా ముఖ్యం కొక్కెం. మంచి స్ప్రింగులో చివరి చుట్లు సన్నబడి కొక్కేన్ని లోపల పట్టి ఉంచుతాయి. మామూలు స్ప్రింగులో చివరి చుట్టునే పైకి వంచి కొక్కెం చేస్తారు, తెగేది సరిగ్గా ఆ వంపు దగ్గరే. బండి స్ప్రింగు తెచ్చి తగిలించినవారిని కూడా చూశాను. వారి పేర్లు రాయను.

వేరే కంపెనీ స్ప్రింగు కొక్కేనికి సరిపోయినంత మాత్రాన వాడవద్దు. ఎరుపు స్ప్రింగు అంటే ఇంత బలం, నీలం స్ప్రింగు అంటే ఇంత బలం అన్న లెక్క కంపెనీకో రకంగా ఉంటుంది. ఒక చోట నేర్చుకున్న శిక్షకురాలు రంగు పేరు చెప్పి ఇంకో మిషన్ మీద చేయిస్తే ఎదుటివారి మోకాలికి వచ్చే బరువు మారిపోతుంది.

మన ఎండ, మన కూలర్

రాయలసీమలో గాలి పొడిగా ఉంటుంది, తుప్పు భయం లేదని అనుకుంటారు. ఏప్రిల్ వచ్చేసరికి కర్నూలులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ప్రతి హాలులో కూలర్ తిరుగుతుంది. స్టూడియోలో కూలర్‌ను సరిగ్గా మిషన్ మీద పడుకున్నవారి కాళ్లు ఉండే వైపు పెడతారు. చేసేవారి ముఖానికి గాలి తగలాలి కదా. స్ప్రింగులు ఉండేదీ ఆ వైపే. రోజంతా తడిగాలి ఉక్కు తీగ మీద పడుతుంది, మన బోరు నీటిలోని ఉప్పు తుంపరలు కూడా దాని మీదే ఆరుతాయి. ఆ తెల్లని మచ్చ కింద తుప్పు గుంట పడుతుంది, గుంట దగ్గర పగులు మొదలవుతుంది. అనంతపురం మిషన్ ఎదుట కూడా కూలరే ఉంది. కూలర్‌ను పక్కకు తిప్పండి, లేదా దూరంగా జరపండి.

ఇంటికి వాడే చవక మిషన్లలో ఉక్కు స్ప్రింగుకు బదులు రబ్బరు తాళ్లు ఉంటాయి. మేడ మీద రేకుల గదిలో పెడితే రబ్బరు ఎండిపోయి పగుళ్లు వస్తాయి. వాటికి కూడా అదే ప్రశ్న: విడిగా దొరుకుతాయా?

ఇక ఫ్రేము. మేపుల్, బీచ్ వంటి గట్టి చెక్క బాగుంటుంది. ఎండాకాలంలో చెక్క కుదించుకుని బోల్టులు వదులవుతాయి, వానలకు మళ్లీ ఉబ్బుతుంది. పానా పట్టుకుని ఏడాదికి రెండుసార్లైనా అన్నీ బిగించే ఓపిక ఉంటేనే చెక్క తీసుకోండి. లేకపోతే మన వాతావరణానికి అల్యూమినియమే నయమని నా అభిప్రాయం. ప్లైవుడ్ మీద చెక్క రంగు కాగితం అంటించినవి, నొక్కిన చెక్కపొడి పలకలతో చేసినవి దగ్గరికి కూడా వెళ్లకండి. వాటిలో స్క్రూ ఒకసారి వదులైతే మళ్లీ పట్టదు.

స్టూడియోకు మడిచే మిషన్ వద్దు. కీలు ఎక్కడ ఉంటే అక్కడ ఊగుతుంది. ఇంటికి వాడేందుకు ఇచ్చిన గ్యారంటీ స్టూడియోలో పెడితే సాధారణంగా చెల్లదు, కాగితం చదవండి.

కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచిన గదుల్లో అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు ఉంటాయి. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి పట్టాల మీద పెట్టి చూడండి. రసమట్టం లేకపోతే స్ప్రింగులన్నీ విప్పి బల్లను మధ్యలో వదలండి. దానంతట అది జరిగితే నేల వాలుగా ఉన్నట్టు. కాళ్ల కింద మర ఉంటే తిప్పి సరిచేయండి. అట్టముక్కలు మడిచి పెట్టకండి, నున్నటి బండ మీద జారుతాయి.

సెకండ్‌హ్యాండ్ అయితే

బెంగళూరులో, హైదరాబాదులో మూతపడిన స్టూడియోల మిషన్లు జాతీయ రహదారి 44 మీద లారీలో దిగుతున్నాయి. సగం ధర అంటారు. మంచివి ఉన్నాయి, చూసి తీసుకోవచ్చు. ఫోటో చూసి బయానా ఇవ్వకండి. స్ప్రింగును విప్పి నేల మీద పెట్టండి, చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో సందు కనిపిస్తే అది అలసిపోయినట్టే. పాత నూలు గుడ్డతో తుడవండి, పోగు తట్టుకుంటే అక్కడ తుప్పో గీతో ఉంది. వేళ్లతో తడమకండి. బల్లను మెల్లగా జరుపుతూ చెవి పెట్టండి: టక్ టక్ మంటే చక్రం మీద చదునైన మచ్చ ఉండాలి, లేదా పట్టా మీద మురికి ఉండాలి. తుడిచినా చప్పుడు పోకపోతే చక్రం మార్చాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, ఆ కంపెనీ ఇప్పుడు స్ప్రింగులు అమ్మకపోతే వదిలేయండి. సగం ధరకు వచ్చినా, ఊరికే వచ్చినా అంతే.

ఇక మిగిలినవి వరసగా రాస్తున్నాను.

ముహూర్తం దాటిపోతోందని సగం బిగించిన మిషన్ మీద కొబ్బరికాయ కొట్టి క్లాసు మొదలుపెట్టకండి. కొబ్బరి నీళ్లు పట్టాల మీద అసలే పోయకండి.

మెట్లు కొలిచి కొనండి. ఫ్రేము దాదాపు ఎనిమిది అడుగులు ఉంటుంది, మలుపులో ఇరుక్కుంటే పట్టా వంగుతుంది. వంగిన పట్టాను సుత్తితో సరిచేయనివ్వకండి.

రెండు పక్కలా మనిషి తిరిగేంత చోటు వదలండి.

పట్టాలకు నూనె వద్దు, గ్రీజు వద్దు. దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. వారానికోసారి తడిగుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడవండి. వెంట్రుకలు చక్రాలకు చుట్టుకుంటాయి, చూసి తీయండి.

రెక్సిన్‌కు స్పిరిట్ వాడకండి, పగులుతుంది.

స్ప్రింగులన్నీ విప్పి ఉన్న బల్ల మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఎక్కేముందు కనీసం ఒకటి తగిలించి ఉండాలి.

సాగిన స్ప్రింగును చేతిలోంచి ఫట్‌మని వదలకండి.

ఫుట్‌బార్, అంటే పాదాలు ఆనించే కడ్డీ, గాడిలో పడిందో లేదో నొక్కి చూడండి. ప్రతిసారీ.

భుజాల దిమ్మెలు, తాళ్ల క్లిప్పులు, స్ప్రింగు తగిలించే కొక్కేల నట్లు వారానికోసారి చూడండి. తాడు పైపోగు లేస్తే మార్చండి. ముడి వేసి వాడకండి.

స్ప్రింగులు వేసిన తేదీని చీటీ మీద రాసి ఫ్రేము కింద అంటించండి. మార్చేటప్పుడు సెట్టు మొత్తం మార్చండి. పాతవి మూడు, కొత్తది ఒకటి వద్దు.

వెల్డింగు వద్దు. స్ప్రింగుకు వద్దు, కొక్కేనికి వద్దు, ఎంత మంచి వెల్డరైనా వద్దు.

తీసేసిన స్ప్రింగులను "అవసరానికి ఉంటాయి" అని బీరువాలో దాచకండి. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తగిలిస్తారు. కట్ చేసి ఇనుప సామాను వాడికి ఇచ్చేయండి.

సందు కనిపించినా, తుప్పు కనిపించినా ఆ పూటే విప్పేయండి. రేపు శనివారం, క్లాసు నిండుగా ఉంది అనవద్దు. కొత్త స్ప్రింగు చేతికి వచ్చేదాకా ఆ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచండి. ఫీజు కట్టినవారు అడిగితే చాప మీద చేయించండి, పిలాటీస్ చాప మీద కూడా చేసేదే.